యంత్రం చదివే వ్యాఖ్యానం

పనిముట్టును తయారుచేయడం ఒక విద్య. దానిని ఎట్లా వాడాలో ఎదుటివారికి తెలిసేటట్లు చెప్పడం మరొక విద్య. వడ్రంగి నాగలిని చేస్తాడు. దానిని పట్టి దున్నడం మాత్రం కొడుకు తండ్రి దగ్గర నేర్చుకుంటాడు. “మేడిని ఇంత నొక్కిపట్టు” అని తండ్రి అన్నప్పుడు ఆ ‘ఇంత’ ఎంతో కొడుకు కంటితో చూస్తాడు, చేతితో గ్రహిస్తాడు. తండ్రి పక్కన లేడు, చూపించే చేయి లేదు, ఉన్నది కాగితం మీది మాట ఒక్కటే అనుకోండి. అప్పుడు ‘ఇంత’ అన్న మాట వల్ల ప్రయోజనం లేదు. నోటిమాటకు, రాతకు గల భేదం ఇదే. నోటిమాటలోని లోపాన్ని సైగ పూరిస్తుంది. రాతలోని లోపాన్ని పూరించవలసింది చదువరి ఊహ. ఆ ఊహ తప్పితే పని తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఒక సాధనాన్ని వాడే పద్ధతిని వివరించే రాతను డాక్యుమెంటేషన్ అంటారు. మన మాటల్లో దానిని వినియోగ వివరణ అనవచ్చు. నిన్నమొన్నటి వరకు ఈ వివరణను చదివినవారు మనుషులే. అర్థం కాకపోతే పక్కవారిని అడిగేవారు. అనుమానం వస్తే ఆగేవారు. అందువల్ల వివరణ కొంత అస్పష్టంగా ఉన్నా లోకం నడిచిపోయింది. ఇప్పుడు ఆ పాఠకుల వరుసలో ఒక కొత్త పాఠకుడు వచ్చి కూర్చున్నాడు. అతని పేరు ఏఐ ఏజెంటు. కృత్రిమ మేధతో పనిచేసే ఈ ఏజెంటు కేవలం ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకోదు. మనం ఒక పని అప్పగిస్తే, తన ముందున్న సాధనాలలో తగినదానిని ఎంచుకొని, దానికి కావలసిన వివరాలను తానే నింపి, పనిని నెరవేర్చే ప్రయత్నం చేస్తుంది. టికెట్టు తీయడం, సొమ్ము చెల్లించడం, దరఖాస్తు పంపడం, దస్త్రాన్ని మార్చడం వంటివన్నీ ఈ కోవలోనివే.

ఈ ఏర్పాటు ఎట్లా నడుస్తుందో కొంచెం తెలుసుకోవాలి. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన భాషానమూనాలు బయటి సాధనాలను పిలిచే సౌకర్యాన్ని ప్రవేశపెట్టింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది. ఈ పద్ధతిలో ప్రతి సాధనానికీ ఒక పేరు, మాటల్లో రాసిన ఒక వివరణ, ఇవ్వవలసిన వివరాల పట్టిక ఉంటాయి. సాధనం లోపలి నిర్మాణం సాధారణంగా ఏజెంటుకు కనపడదు. దానికి అందేవి ఈ మాటలే. ఏ సాధనాన్ని ఎంచుకోవాలి, ఎప్పుడు వాడాలి, ఏ గడిలో ఏమి రాయాలి అన్న నిర్ణయాలను అది ముఖ్యంగా ఈ నాలుగు వాక్యాల బలం మీదనే చేస్తుంది. ఒకప్పుడు సాధనానికి అనుబంధంగా ఉన్న వివరణ ఈ విధంగా సాధనంలో ఒక భాగమే అయిపోయింది. వాక్యం తప్పైతే సాధనం తప్పు చేసినట్లే లెక్క. అందువల్ల ఈ విషయం ఇంజనీర్లకే పరిమితమైనది కాదని, భాషను చదివేవారూ చెప్పేవారూ పట్టించుకోవలసినదని నా అభిప్రాయం.

సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ గ్రామాన్ని ఇక్కడ ఉదాహరణగా చెప్పుకోవచ్చు. 2016 నవంబరు 8న పెద్దనోట్లను రద్దు చేసిన తరువాత, అదే ఏడాది డిసెంబరులో, తెలంగాణలో తొలి నగదు రహిత గ్రామంగా ఈ ఊరు పేరు పొందింది. దుకాణాలలో స్వైప్ యంత్రాలు వెలిశాయి. గ్రామస్థుల చేతికి బ్యాంకు కార్డులు వచ్చాయి. అప్పటిదాకా నోటును చేతితో తడిమి లెక్కించిన వారికి, కంటికి కనిపించని సొమ్ముతో బేరం చేయడం నేర్పవలసి వచ్చింది. కార్డును ఏ వైపు తిప్పి పెట్టాలి, రహస్య సంఖ్యను ఎవరికి చెప్పకూడదు, చీటీ రాకపోతే ఏమి చేయాలి అన్నవి చిన్న విషయాలుగా తోచవచ్చు. కాని కొత్త సాధనాన్ని నమ్మదగినదిగా చేసేవి అవే. సాధనం ఊరికి రావడంతో పని పూర్తికాదు. దాని వాడుక మనిషికి అందినప్పుడే పూర్తవుతుంది.

ఆ సంఘటన జరిగి తొమ్మిదేళ్లు నిండకముందే లోకం మరొక మెట్టు ఎక్కింది. 2025 అక్టోబరులో జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ, రేజర్‌పే, ఓపెన్‌ఏఐ సంస్థలు కలిసి, చాట్‌జీపీటీ సంభాషణలోనుంచే యూపీఐ ద్వారా వస్తువులు కొని సొమ్ము చెల్లించే విధానాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెడుతున్నట్లు ప్రకటించాయి. 2016లో ప్రశ్న, మనిషికి యంత్రాన్ని వాడడం ఎట్లా నేర్పాలి అన్నది. నేటి ప్రశ్న, మనిషి తరఫున యంత్రాన్ని వాడే మరొక యంత్రానికి ఎట్లా నేర్పాలి అన్నది. మనిషికి నేర్పేటప్పుడు ఎదురుగా ఒక ముఖం ఉంటుంది. అర్థం కాలేదని ఆ ముఖమే చెబుతుంది. ఏజెంటుకు ముఖం లేదు. అర్థమైనా, కాకపోయినా అది ఒకే రకమైన ధీమాతో ముందుకు సాగగలదు. కాబట్టి నేర్పేవాడు తన మాటలను ముందుగానే పదిసార్లు సరిచూసుకోవాలి.

మాటలో తప్పు ఎంత చిన్నదైనా ఫలితం పెద్దదే కావచ్చు. రేజర్‌పే చెల్లింపు సాధనానికి సొమ్మును రూపాయలలో చెప్పకూడదు. పైసలలో చెప్పాలి. అంటే 500 రూపాయలు వసూలు చేయవలసి ఉంటే 50000 అని రాయాలి. ఆ సంస్థ తన వివరణలో ఈ నియమాన్ని స్పష్టంగానే తెలిపింది. ఆ ఒక్క వాక్యం లేదనుకోండి. చదివేవారు సహజంగానే 500 అని రాస్తారు. వసూలయ్యేది 5 రూపాయలు. ‘మొత్తం’ అన్న పదం దగ్గర ‘పైసలలో’ అన్న మరొక్క పదం ఉండడానికి, లేకపోవడానికి మధ్య నూరింతల తేడా ఉంది. ఎంత తెలివిగల యంత్రమైనా ఆ పదాన్ని తనంతట తాను కనిపెట్టలేదు. అక్కడ కావలసింది తెలివి కాదు, సమాచారం.

మన పల్లెల లెక్కల నుంచి మరొక ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరానికి 100 సెంట్లు. రైతు 1.20 అని రాస్తే, తెలంగాణ వాడుకలో అది ఎకరం 20 గుంటలు కావచ్చు, అనగా ఎకరంన్నర. ఆ సంఖ్యనే దశాంశంగా చదివితే ఎకరం 20 సెంట్లు అవుతుంది. రెండింటికీ మధ్య తేడా 12 గుంటలు. గుంటకు 121 చదరపు గజాల చొప్పున అది 1,452 చదరపు గజాల నేల. 2025 జనవరి 26న ప్రారంభమైన రైతు భరోసా పథకంలో ప్రకటించిన సాయం ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. ఎకరంన్నరకు 18,000 రూపాయలు రావాలి. యంత్రం దానిని 1.20 ఎకరాలుగా లెక్కిస్తే 14,400 అని చెబుతుంది. చుక్క ఒక్కటే, నష్టం 3,600 రూపాయలు. ఇది ఊహించి చెప్పిన లెక్కే అయినా, విస్తీర్ణం అనే గడి పక్కన ‘దశాంశ ఎకరాలలో రాయాలి, గుంటలైతే 40తో భాగించి కలపాలి’ అన్న వాక్యం లేని ఏ సాధనంలోనైనా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. నష్టపోయేది సాధనాన్ని రాసినవాడు కాదు, ఏజెంటు అసలే కాదు. ఎక్కడో పొలం గట్టున కూర్చున్న రైతు.

ఇటువంటి లోపాలను నివారించే మార్గం మన శాస్త్రాలలో లేకపోలేదు. వాక్యం అర్థాన్ని ఇవ్వాలంటే మూడు గుణాలు కావాలని మన తార్కికులు నిర్ణయించారు. అవి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహంలో కూడా ఈ మూడింటి వివరణ ఉంది. ఇవి సంస్కృత వాక్యానికే కాదు, నేటి సాధన వివరణకు కూడా సరిగ్గా సరిపోతాయి.

మొదటిది ఆకాంక్ష. ఒక పదం వినగానే దానిని పూరించే మరొక పదం కోసం కలిగే అపేక్షయే ఆకాంక్ష. ‘తెచ్చాడు’ అనగానే ఎవరు, దేనిని అన్న ప్రశ్నలు పుడతాయి. అట్లాగే ‘దరఖాస్తు పంపు’ అనే సాధనాన్ని చూడగానే ఎవరి పేరున, ఏ కార్యాలయానికి, ఏ పత్రాలతో అన్న ప్రశ్నలు పుడతాయి. వీటిలో ఏవి తప్పక ఇవ్వాలి, ఏవి ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఇవ్వకుంటే సాధనం తనంతట తాను ఏమి అనుకుంటుంది అన్నవి వివరణలో ఉండాలి. ఆకాంక్ష తీరని చోట మనిషి అడుగుతాడు. యంత్రం చాలాసార్లు ఊహించి నింపుతుంది.

రెండవది యోగ్యత. పదాల అర్థాలకు పరస్పరం పొత్తు కుదరడమే యోగ్యత. నీటితో తడపమంటే కుదురుతుంది, నిప్పుతో తడపమంటే కుదరదు. ప్రతి గడికి ఏది తగినదో, ఏది తగనిదో చెప్పడం యోగ్యతను కాపాడడమే. తేదీని అడిగేచోట 03/04/2026 అని రాస్తే మనకది ఏప్రిల్ 3, అమెరికావారికి మార్చి 4. సంవత్సరం ముందా, రోజు ముందా అన్నది ఒక ఉదాహరణతో సహా చెబితే సందేహానికి తావుండదు. సొమ్ముకు ప్రమాణం, నేలకు ప్రమాణం, కాలానికి ప్రమాణం చెప్పని వివరణ యోగ్యత లేని వాక్యం వంటిది.

మూడవది సన్నిధి. కలిసి అర్థమివ్వవలసిన పదాలు ఆలస్యం లేకుండా, దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక పదం పొద్దున, మరొక పదం సాయంత్రం పలికితే వాక్యం కాదు. వివరణలలో తరచు జరిగే పొరపాటు ఇదే. సాధనం మొదటి పుటలో ఉంటుంది. దానికి సంబంధించిన హెచ్చరిక నలభయ్యో పుటలో ఉంటుంది. ఏజెంటు మొదటి పుట చదివి పని మొదలుపెడుతుంది. నలభయ్యో పుట దాని కంటపడకపోవచ్చు. ‘ఈ పని చేస్తే పాత దస్త్రం తిరిగి రాదు’ అన్న హెచ్చరిక, ఆ పని చెప్పిన వాక్యం పక్కనే ఉండాలి.

ఈ సందర్భంలో పాణినీయాన్ని కూడా స్మరించుకోవాలి. నాలుగువేలకు దగ్గరగా ఉన్న సూత్రాలలో పాణిని ఒక భాషను ఇమిడ్చాడు. ఆ సంక్షిప్తతకు కారణాలలో ఒకటి అనువృత్తి. ముందు సూత్రంలోని పదం తరువాతి సూత్రాలలోకి ప్రవహిస్తుంది, మళ్లీ చెప్పవలసిన పని లేదు. అష్టాధ్యాయిని వరుసగా కంఠస్థం చేసిన శిష్యునికి ఇది వరం. కాని నడిమి సూత్రం ఒక్కదానినే తీసి చదివేవానికి అది అర్థం కాదు. నేటి ఏజెంటు అనేక సందర్భాలలో పెద్ద గ్రంథాన్ని ఆమూలాగ్రం చదవదు. వెతికి, దొరికిన ముక్కను చదువుతుంది. అందువల్ల ‘పైన చెప్పినట్లు’, ‘ఇది కూడా అంతే’ వంటి మాటలు దానికి ఉపకరించవు. ప్రతి భాగం తన కాళ్ల మీద తాను నిలబడాలి. పాణిని శిష్యులకు సొగసైన పద్ధతి ఈ కొత్త పాఠకునికి పనికిరాదు. పాఠకుడెవరో తెలిసి రాయడమే రచనలోని ఔచిత్యం.

మీమాంసకులు చేసిన విభాగం మరొకటి ఇక్కడ మిక్కిలి ఉపయోగపడుతుంది. వారు వేదవాక్యాలను పరిశీలించి, చేయమని చెప్పేది విధి అనీ, చేయవద్దని చెప్పేది నిషేధమనీ, స్తుతిగానో నిందగానో చెప్పేది అర్థవాదమనీ వేరుచేశారు. అర్థవాదాన్ని విధిగా పొరబడితే కర్మ చెడుతుంది. మన సాఫ్ట్‌వేర్ వివరణలలో అర్థవాదం మెండు. ‘అత్యంత వేగవంతమైనది’, ‘అన్ని అవసరాలకూ తగినది’ అన్న పొగడ్తలు అమ్మకానికి పనికివస్తాయి. పేర్లనూ వివరణలనూ చూసి సాధనాన్ని ఎంచుకొనే ఏజెంటుకు అవి దారి తప్పిస్తాయి. అన్ని అవసరాలకూ తగినదంటే అది తగని పనికి కూడా దానినే పిలుస్తుంది. వివరణలో విధి ఉండాలి, అంతకంటె ముఖ్యంగా నిషేధం ఉండాలి. ‘ఈ సాధనం బాకీని చూపుతుంది, చెల్లించదు’, ‘దరఖాస్తు స్థితిని తెలుసుకోవడానికే దీనిని వాడాలి, కొత్త దరఖాస్తుకు వాడరాదు’ అన్న వాక్యాలు పది పొగడ్తల కంటె విలువైనవి.

మరి ఎంత రాయాలి? అన్నీ రాయాలన్న ఆత్రంలో వంద పుటలు నింపడం కూడా దోషమే. ఏజెంటు ఒక్కసారి తన ముందు ఉంచుకోగల పాఠానికి పరిమితి ఉంది. పనికిరాని మాటలు పెరిగిన కొద్దీ పనికివచ్చే మాట మరుగున పడుతుంది. ఈ సమస్యకు పరిష్కారం మన మెతుకుసీమ పండితుడే చూపాడు. కాళిదాసాదుల కావ్యాలకు వ్యాఖ్యానాలు రచించిన మల్లినాథసూరిది మెదక్ ప్రాంతంలోని కొల్చారం. మూలంలో లేనిది ఏదీ రాయనని, అవసరం లేనిది ఏదీ చెప్పనని ఆయన తన వ్యాఖ్యానాలకు నియమం పెట్టుకున్నాడు. సాధన వివరణ రాసేవారికి ఇంతకు మించిన నియమం అక్కరలేదు. మూలంలో లేనిది రాయకూడదు అంటే, సాధనం నిజంగా చేయని పనిని చేస్తుందని చెప్పకూడదు. అవసరం లేనిది చెప్పకూడదు అంటే, పాఠకుని నిర్ణయాన్ని మార్చని వాక్యాన్ని తీసివేయాలి.

మూలానికి, వ్యాఖ్యకు పొత్తు చెడితే ఏమవుతుందో 1999లో ప్రపంచం చూసింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఆ ఏడాది సెప్టెంబరు 23న అంగారకుని చేరుతూ నాశనమైంది. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ ఫలితాలను మెట్రిక్ ప్రమాణంలో ఇవ్వాలని ఒప్పంద పత్రంలో ఉంది. అది మాత్రం వాటిని పౌండ్ల లెక్కలో ఇచ్చింది. అందుకొన్న సాఫ్ట్‌వేర్ పత్రాన్ని నమ్మి మెట్రిక్ ప్రమాణమనే లెక్కించింది. రాత ఒకటి, చేత ఒకటి అయినప్పుడు రాత ఎంత చక్కగా ఉన్నా వృథా. సాధనం మారిన రోజే వివరణ కూడా మారాలి. పాతబడిన వివరణ లేని వివరణ కంటె ప్రమాదకరం, ఎందుకంటే దానిని నమ్ముతారు.

వివరణలో ఉపేక్షకు గురయ్యే భాగం ఇంకొకటుంది. పని జరగనప్పుడు సాధనం చెప్పే దోష సందేశం. ‘ఏదో తప్పు జరిగింది’ అని ఊరుకుంటే ఏజెంటు అదే తప్పును మళ్లీ మళ్లీ చేస్తుంది. లేదా అడ్డదారి వెతుకుతుంది. ‘గ్రామ సంకేత సంఖ్య లేదు, జిల్లాను పేర్కొని గ్రామాల జాబితా సాధనం నుంచి తీసుకోవాలి’ అని చెబితే అది దారిలో పడుతుంది. జవాబు పత్రంలో తప్పు అని గీత గీసే ఉపాధ్యాయునికీ, ఎందుకు తప్పో అంచున రాసే ఉపాధ్యాయునికీ ఉన్నంత భేదం ఈ రెండు సందేశాల మధ్య ఉంది.

గ్రామం పేరు ప్రస్తావనకు వచ్చింది కనుక మళ్లీ ఇబ్రహీంపూర్‌నే చూద్దాం. 2016 అక్టోబరు 11కు ముందటి పత్రాలలో ఈ ఊరు మెదక్ జిల్లాలో ఉంటుంది. తరువాతి పత్రాలలో సిద్దిపేట జిల్లాలో ఉంటుంది. దీనిని పోలిన ఇబ్రహీంపట్నం రంగారెడ్డి జిల్లాలో ఒకటి, జగిత్యాల జిల్లాలో ఒకటి, విజయవాడ దగ్గర మరొకటి ఉన్నాయి. పేరు చూసి పోల్చుకొనే ఏజెంటు ఏ ఊరికి పోతుంది? ఈ చిక్కును విప్పడానికే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ఒక్కొక్క గ్రామానికి ఒక్కొక్క సంకేత సంఖ్య ఉంది. ‘ఊరి పేరు కాదు, ఈ సంఖ్య ఇవ్వాలి, పేరు ఒకటికంటె ఎక్కువ ఊళ్లతో సరిపోలితే మనిషిని అడగాలి’ అని ఒక్క మాట రాసిపెడితే ఒక ఊరి దరఖాస్తు మరొక ఊరికి పోదు. ఈ మాట రాయగలవాడు ఊరిని, ఊరి చరిత్రను, వాడుకను తెలిసినవాడై ఉండాలి. స్థానిక జ్ఞానం లేని వివరణ సమగ్రం కాజాలదు.

దీనిపై కొందరు ఒక ఆక్షేపణ చేస్తారు. యంత్రాలు నానాటికీ తెలివి మీరుతున్నాయి, రేపు అవే అన్నీ అర్థం చేసుకుంటాయి, ఈ శ్రమ దేనికి అని. తెలివి పెరిగితే ఊహ మెరుగుపడుతుంది, నిజమే. కాని ఊహ ఎంత మెరుగైనా అది నిశ్చయం కాదు. పండితుడు అజ్ఞాత లిపిలోని శాసనాన్ని ఊహించి చదవవచ్చు. భూమి హక్కును మాత్రం ఆ ఊహ మీద నిర్ణయించలేము. గుంటలా, సెంట్లా అన్నది రాసినవాడికి తెలుసు. ఒక్క మాట చెప్పడానికి బద్ధకించి, వేలసార్లు ఊహించే భారాన్ని యంత్రం మీద మోపడం వివేకం కాదు.

రెండవ ఆక్షేపణకు ఎక్కువ బలముంది. వివరణ ఎంత చక్కగా రాసినా ఏజెంటు దానిని పాటిస్తుందన్న భరోసా ఏమిటి? 2025 జూలైలో రెప్లిట్ సంస్థ ఏజెంటుతో పనిచేస్తున్న ఒక వినియోగదారుడు మార్పులేవీ చేయవద్దని మాటల్లో ఆదేశించినా, అది వాడుకలో ఉన్న సమాచార నిధినే చెరిపివేసింది. ఆ సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పి, రక్షణ ఏర్పాట్లను ప్రకటించవలసి వచ్చింది. అంతేకాదు, ఏజెంటు చదివే పుటలోనే ఎవరైనా దురుద్దేశంతో ఒక ఆదేశాన్ని దాచిపెడితే, సమాచారాన్ని ఆదేశంగా పొరబడి అది మోసపోయే అవకాశం కూడా ఉంది. కాబట్టి మాట ఒక్కటే చాలదని ఒప్పుకోవలసిందే. తిరిగి తీసుకోలేని పనులకు ముందు మనిషి అనుమతి అనే గడియ తప్పనిసరి. అయితే ఏ పని తిరిగి తీసుకోలేనిదో, ఎక్కడ గడియ వేయాలో చెప్పవలసింది మళ్లీ వివరణే కదా! తలుపుకు గడియ అవసరమైనంత మాత్రాన దారి చూపే పలకను పీకివేయనక్కరలేదు.

ఈ అంశం మన తెలుగు రాష్ట్రాలకు దూరపు విషయం కాదు. మీసేవ 2011లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించడం ప్రారంభించింది. తెలంగాణలో భూముల వివరాలకు ధరణి స్థానంలో భూభారతి 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ప్రజాసేవలు ఈ విధంగా తెరల మీదికి చేరుతున్నప్పుడు, రేపు రైతు నోటితో తెలుగులో చెబితే ఏజెంటు ఆ సేవలను పిలిచే రోజు రావడంలో ఆశ్చర్యం లేదు. రైతు ‘పాస్‌బుక్కు’ అంటాడు, సాధనం మరొక పేరు పెట్టుకొని ఉంటుంది. రైతు ‘విరాసత్’ అంటాడు, పత్రంలో ‘వారసత్వ బదిలీ’ అని ఉంటుంది. ఈ రెండు మాటలూ ఒకటేనని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. సేవలను రూపొందించేటప్పుడే వాటి వివరణను ప్రజల మాటలతో, స్థానిక కొలతలతో, తెలుగులో కూడా ప్రకటించడం ప్రభుత్వాల బాధ్యత. యంత్రానికి స్పష్టంగా చెప్పిన మాట మనిషికీ స్పష్టంగానే ఉంటుంది. అందువల్ల ఈ శ్రమ ఎన్నడూ వృథా కాదు.

విద్యార్థులు ఈ విషయంలో చేయదగిన అభ్యాసం ఒకటుంది. మీకు బాగా తెలిసిన సాధనాన్ని ఒకదానిని ఎంచుకోండి. బోరు మోటారు స్టార్టరు కావచ్చు, కళాశాల గ్రంథాలయంలోని కార్డు పద్ధతి కావచ్చు. దాని వాడుకను ఒక పుటలో రాసి, దానిని ఎన్నడూ చూడని వారి చేతికివ్వండి. మీరు పక్కన నిలబడండి గాని నోరు విప్పవద్దు. వారు ఎక్కడ ఆగారో అక్కడ మీ వాక్యంలో ఆకాంక్ష తీరలేదు. ఎక్కడ తప్పు మీట నొక్కారో అక్కడ యోగ్యత చెప్పలేదు. హెచ్చరికను దాటిపోయారంటే దానిని దూరంగా రాశారన్న మాట. వారిని నిందించకుండా వాక్యాన్ని దిద్దండి. సాధన వివరణలను సరిచూసే నిపుణులు కూడా ఇదే పని చేస్తారు. కొత్త ఏజెంటుకు కొన్ని పనులు అప్పగించి, అది దారి తప్పిన చోట మాటలను సవరిస్తారు.

భాషాధ్యయనం ఉద్యోగానికి పనికిరాదన్న అపోహ మన సమాజంలో బలంగా ఉంది. సాఫ్ట్‌వేర్ రంగమే నేడు ఆ అపోహకు సమాధానం చెబుతున్నది. సందేహానికి తావులేని వాక్యం రాయగలవారు, విధికి అర్థవాదానికి భేదం తెలిసినవారు, పాఠకునికి తెలిసినదేదో తెలియనిదేదో ముందుగా ఊహించగలవారు ఆ రంగానికి కావాలి. పద్యానికి ప్రతిపదార్థం రాసేటప్పుడు ఏ పదాన్నీ విడువకుండా, లేనిదానిని చేర్చకుండా రాయడం మీరు తరగతిగదిలో చేస్తున్న సాధనే. ఆ సాధన పరీక్షతో ముగిసేది కాదు. రేపు మీరు రాసే ఒక వాక్యాన్ని చదివి ఒక యంత్రం ఎవరో ఒకరి సొమ్మును, భూమిని, దరఖాస్తును కదుపుతుంది. ఆ మనిషి మిమ్మల్ని ఎరుగడు, మీ వాక్యాన్ని చూడడు. ఆ వాక్యం సరిగా ఉంటే అతని పని సాఫీగా జరిగిపోతుంది, లేకుంటే నష్టం అతని ఇంటికి చేరుతుంది. కాబట్టి రాసే ప్రతి మాట దగ్గరా ఆ మనిషిని గుర్తుంచుకోవడం మన ధర్మం.